చాయ్ బిళ్లల సంక్షోభం

ఆ రోజుల్ల చిల్లర పైసలు దేవుని లెక్క. ఉన్నయంటరు గాని కండ్లజూసినోడు లేడు. మా మరమగ్గాల ఊర్లె చాయ్ హోటల్ నడిపే మా చిన్నబాపు చిల్లరకు బదులు తన ముద్ర గుద్దిన అట్టబిళ్ల ఇచ్చేటోడు. బిళ్లకొక చాయ్. మెల్లగ మంగలాయన, కిరాణా షేటు, ఆఖరికి చర్చిల చందా డబ్బ సుత ఆ బిళ్లలు తీసుకునుడు షురువైంది. (దేశమంత నడిచినయని మనుమలకు చెప్పిన. మా బజారు మలుపు దాటలే.)

ఒకనాడు చిన్నబాపు సద్దిమూట పట్టుకొని, మొక్కు తీర్చుకోను కొండగట్టు బస్సెక్కిండు. చూసినోడెవడో 'హోటల్ ఎత్తేసి పోతుండు' అన్నడు. ఇగ చూడు, బిళ్లలు పట్టుకొని పదివేల మంది ఎగబడ్డరు! సరే, బెంచీలు నిండి అరుగు నిండేటంత మంది. పాలు అయిపోయి ఒక్కనికి చాయ్ లేదన్నా, బిళ్లలన్ని చిత్తుకాయితాలే, చిన్నబాపు ఇజ్జత్ గంగలనే.

నేనప్పుడు కరీంనగర్ల అచ్చయ్యే ఒక వారపత్రికకు మా ఊరి కొత్త విలేకరిని. నాయకులెట్ల స్పందిస్తరో తూచి రాద్దామని పెన్ను తీసిన. సర్పంచ్ సాబ్ మైకుల "ఎవ్వలు పరేషాన్ గాకుండ్రి, బిళ్ల మీద నాకు పూర్తి నమ్మకమున్నది" అన్నడు. ఆయన బామ్మర్ది అప్పటికే బిళ్లల సంచితోని లైన్ల ముందట! ఓడిపోయిన పాత సర్పంచ్ విచారణ జరగాలన్నడు, అందాక తనకు మాత్రం చాయ్ పొయ్యాలన్నడు. మగ్గాల యూనియన్ లీడర్ ధర్నాకు కూసున్నడు గాని, పాలు తెచ్చే తొవ్వకే అడ్డం కూసున్నడు.

మా చిన్నమ్మ కొంగు బిగిచ్చి గడపల నిలవడ్డది. "బిళ్ల ఉన్నోళ్లందరికి పోస్త. పార్సల్ లేదు. గీడనే కూసోని, నా ముందట తాగాలె."

"ఎన్నయినా పోస్తవా అక్కా?" బామ్మర్ది మురిసిండు.

"తాగు తమ్మీ, పొట్ట నీదే."

గిలాస మీద గిలాస తాగి ఆయన కండ్లు తేలేసిండు. "అక్కా, మిగిలినయి రేపు తాగుత."

"రేపు హోటల్ ఉంటదా మరి?"

"ఉంటది అక్కా, కొండగట్టు అంజన్న మీదొట్టు, ఉంటది!"

గా మాట ఇని లైనంత సల్లగ ఇంటిబాట పట్టింది.

తెల్లారి ముగ్గురు నాయకులు 'నా వల్లనే ఊరు గట్టెక్కింది' అన్నరు. అసలు చిన్నమ్మకు ఆ ఉపాయం చెప్పింది నేను. (చెప్పలే. ఆ టైముల బెంచీ మీద నా బిళ్లలు తాగుతున్న.) చిన్నబాపు తిరిగొచ్చి, నా రాత చదివిచ్చుకొని, నా చేతుల ప్రసాదం పెట్టుకుంట అడిగిండు: "గిందరిని తూచినవ్ గద, మరి నువ్వెట్ల స్పందించినవ్‌రా?"

నోరు తెరిచిన. చాయ్ తేన్పొచ్చింది. ఇన్నేండ్లల్ల ఎవ్వలకు గూడ అంత నిజాయితీగ మళ్ల జవాబియ్యలే నేను.