నలుగురు నిలబడ్డా విరగని గిటార్

గిటార్లు పగలగొట్టినవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. పగలని గిటార్ చేసి పరువు పోగొట్టుకున్నవాణ్ని మాత్రం నేనొక్కణ్నే. ఆ ఘోరం చెబుతాను, గుండె దిటవు చేసుకుని వినండి.

అప్పుడే పటాన్‌చెరులో క్రేన్లు తయారుచేసే ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌నయ్యాను. జేబులో కొలతల టేపు, తలనిండా పొగరు. మా రూతక్క పటేల్‌గూడలో మా చర్చి పాటల బృందానికి పెద్ద. మనిషి నాలుగున్నర అడుగులే గానీ, గొంతెత్తితే గడ్డపోతారం దాకా వినిపిస్తుంది. సంగారెడ్డిలో చర్చికొకరు పాడే పాటల పోటీ పదిహేను రోజులుందనగా ఆమె గిటార్ బ్రిడ్జి, అంటే తీగల్ని కింద పట్టి ఉంచే చెక్కముక్క, ఊడి చేతికొచ్చింది.

"రిపేరుకిస్త తమ్మీ. వారం దినాల్ల ఇస్తరంట."

"రిపేరెందుకక్కా? నేనే కొత్తది చేస్త. ఎక్కి దుంకినా ఇరగది."

"నీకొస్తదారా?"

"క్రేన్లు చేసెటోనికి గిటారొక లెక్కనా?"

పాతదాని లోపలికి టార్చి వేసి చూశాను. పలక కింద రెండు సన్నని పుల్లలు ఇంటూ గుర్తులా అతికించి ఉన్నాయి. నవ్వొచ్చింది. ఆరు తీగలూ కలిసి ఓ మనిషి బరువంత లాగుతుంటే, ఆపేది ఈ పుల్లలా? మా ఫ్యాక్టరీలో మోయాల్సిన బరువుకు నాలుగింతలు లెక్కగట్టందే బోల్టు కూడా బిగించం!

చెక్క కోయించడానికి వెళ్తే వడ్రంగి నర్సింలన్న చెప్పనే చెప్పాడు. "సార్, పలక పల్సగుండాలె, పుల్లలు సన్నగుండాలె. అది జెర ఊగితెనే మోగుతది."

"ఊగుడేందే? మా దగ్గర ఊగితే రిజెక్టే!"

"మీ ఇష్టం సార్. సదువుకున్నోళ్లు."

ఆ మాటలోని జాలి నాకు అప్పుడు అర్థం కాలేదు. మందపాటి టేకు పలక, దాని కింద పదకొండు దూలాలు, అవి పట్టడానికి జానెడు లోతు పెట్టె, బ్రిడ్జికి వాషర్లతో సహా నాలుగు బోల్టులు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను ఇంట్లో ఒక్క తీగైనా మీటి చూడకుండా, పోటీకి ముందురోజు నేరుగా చర్చికే మోసుకెళ్లాను.

అందరి ముందూ దాన్ని రెండు బల్లల మీద బోర్లా పెట్టి, బృందంలోని ముగ్గురు లావుపాటి అన్నలతో కలిసి పైకెక్కాను. చీమంతైనా వంగలేదు!

"సూసినవా అక్కా? పాస్!"

"సరే గని, ఇగ దిగున్రి. వాయించనియ్యి."

అక్క తీగలు మీటింది. 'టక్కు' అంది. మళ్లీ మీటింది. మళ్లీ 'టక్కు'. పక్కగదిలోంచి పాస్టరుగారు, "తలుపు తీసే ఉంది, లోపలికి రండి," అన్నారు.

ఎవరూ నవ్వలేదు. అక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. "నువ్వు చేస్తనన్నవనే పాతది రిపేరుకియ్యలేదురా. మూడేండ్ల సంది గీ పోటీ కోసమే సూస్తున్న. ఇప్పుడేం జెయ్యాలె?"

భూమి చీలితే బాగుండుననిపించింది. కానీ అక్కడి నేల కూడా గట్టిదే, నా గిటార్‌లా.

మర్నాడు, "ఉత్త చేతులతోని ఎట్ల నిలవడుదు," అంటూ అక్క దాన్నే పట్టుకుని స్టేజీ ఎక్కింది. తీరా చూస్తే మైకు ఆమె నెత్తికన్నా పైనుంది. అంతకుముందు పాడినాయన తాటిచెట్టంత పొడుగు. స్టాండు మరేమో తుప్పుపట్టి తిరగదు. నేను పరుగెత్తి లాగాను, రాలేదు. నా పనితనం మీద నమ్మకమున్నవాళ్లు హాల్లో ఒక్కరూ మిగల్లేదు.

అక్క మైకు వంక చూసింది. గిటార్ వంక చూసింది. నా వంక చూసిన చూపు మాత్రం చెప్పను. గిటార్‌ని నేలమీద బోర్లా పడేసి, చెప్పులు విడిచి, పైకెక్కి, చప్పట్లు కొడుతూ పాట ఎత్తుకుంది. మైకు సరిగ్గా నోటికందింది. రెండో చరణానికి హాలంతా చప్పట్లు.

రెండో బహుమతి ఇస్తూ జడ్జిగారు అడిగారు: "గిటార్ ఎందుకు వాయించలేదమ్మా?"

"గిటార్ కాదు సార్ అది. పొట్టిదాన్నని మా తమ్ముడు చేసిచ్చిన పీట."

ఆ పీట ఇప్పటికీ చర్చిలోనే ఉంది. ఆ రోజే నేను టేపు మీద చేయివేసి ప్రమాణం చేశాను: ఊగవలసిన దాన్ని ఈ జన్మలో బిగించను. మొన్న అక్క కూతురికి ఉయ్యాల కట్టమన్నారు. స్పానర్ కిందపెట్టి, నర్సింలన్నకు ఫోన్ చేశాను.