గుర్రానికి పెట్టిన క్యాబేజీ ఆకులు

నేను కాపురానికి వచ్చేసరికే ఆ ఇంట్లో నాకంటే ముందొకతె ఉంది. జట్కాకు కట్టే ఆడగుర్రం. మా ఆయన కావలి రైలుస్టేషను దగ్గర జట్కా తోలేవాడు. పంతొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో ఊళ్లోకి రిక్షాలు వచ్చినా, పెట్టేబేడా ఉన్నవాళ్లు జట్కానే ఎక్కేవాళ్లు.

సాయంత్రం బండి విప్పంగానే ఆయన దాని చెమట తుడిచి, మెడ నిమిరి, పంచె మడతలో నుంచి ఏదో ఒకటి తీసేవాడు. ఒకరోజు కారెట్టు, ఒకరోజు అరటిపండు. గుండ్రంగా తరిగితే గొంతుకు అడ్డం పడుతుందని కారెట్టును నిలువునా, వేలంత సన్నంగా చీల్చేవాడు. "తింటివా మే?" అని అడిగేది దాన్నే, నన్ను కాదు. ఎండాకాలం పుచ్చకాయ తెస్తే ఎర్రటి గుజ్జు నాకు, తొక్క దానికి. అయినా నాకు కోపమే. తొక్కను ముక్కలు చేసి ఒక్కొక్కటే అరచేతిలో పెట్టి తినిపించేవాడు. నా పళ్లెం మాత్రం నా ముందుకు తోసేవాడు.

ఒకసారి ఉండబట్టలేక అడిగినాను. "నాకెప్పుడన్నా ఒక అరటిపండు ఒలిచి ఇచ్చినావా?"

"దానికి మాత్రం ఒలిచినానా? తొక్కతోనే తింటుంది" అని నవ్వినాడు. నాకు ఒళ్లు మండింది.

గుర్రం కూడా తక్కువది కాదు. ఉలవలు నేనే ఉడకబెట్టి పెట్టినా చెవులు వెనక్కి వాల్చి నన్ను పరాయిదానిలా చూసేది.

ఒకరోజు దాన్ని ఇంటి దగ్గరే కట్టేసి, బండి చక్రానికి ఇనప పట్టా వేయించడానికి కమ్మరి దగ్గరికి పోయినాడు. ఈ పూట దీన్ని నా వైపు తిప్పుకోవాలనుకున్నాను. మార్కెట్లో కూరగాయలామె తీసి పారేసిన క్యాబేజీ ఆకులు, మోళ్లు గంపెడు ఏరుకొచ్చి ముందర పోసినాను. ఒక్క ఆకు మిగల్చలేదు. నా చెయ్యి కూడా నాకింది. గెలిచినాననుకున్నాను.

ఆయన వచ్చే వేళకు అది కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తల తిప్పి కడుపు చూసుకుంటా ఉంది. పడుకుంటుంది, లేస్తుంది. ఒళ్లంతా చెమట.

"ఏం పెట్టినావు?"

"ఏం పెట్టలేదు" అన్నాను.

అది దబ్బున కూలి దొర్లబోయినాక నిజం చెప్పినాను. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. "అదేమన్నా ఆవా మే, నెమరేసుకోను? గుర్రానికి వాంతి కూడా రాదు. కడుపులో గాలి చేరితే ప్రాణం మీదికొస్తుంది" అన్నాడు. దాన్ని లేపి పలుపు నా చేతికిచ్చి, "దొర్లనీయొద్దు, మెల్లగా నడిపించు" అని పశువుల డాక్టరు కోసం పరిగెత్తినాడు.

ఆ ఇసక సందులో ముందుకీ వెనక్కీ దాన్ని నడిపిస్తూ ఏడ్చినాను. అంత భయంలోనూ ఒకటే ఆలోచన. నేను ఇట్లా పడిపోతే ఈయన ఇంత పరుగు తీస్తాడా?

డాక్టరు వచ్చి ముక్కులోకి గొట్టం పెట్టి మందు పోసినాడు. పొద్దు గూకేలోపు లద్దె వేసి తేరుకుంది. దాని మెడ పట్టుకుని మా ఆయన ఏడ్చినాడు. అది బతికినందుకు నా గుండె చల్లబడింది. ఆ ఏడుపు చూసి కడుపు మండింది. రెండూ ఒకేసారి.

మర్నాడు నన్ను కూర్చోబెట్టి చెప్పినాడు. కారెట్టు, దోసకాయ, గుమ్మడికాయ, పుచ్చకాయ, అరటిపండు పెట్టొచ్చు, అవీ కొంచెమే. క్యాబేజీ, ఉల్లిపాయ, ఉర్లగడ్డ, టమాటా ఆకులు ముట్టనీయకూడదు. మామిడిపండైతే టెంక తీసి పెట్టాలి. పెళ్లయినాక ఆయన నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. అదీ గుర్రం గురించే.

ఆరోజు నుంచి బండి ఇంటికొచ్చిన ప్రతి మధ్యాహ్నం, ఆయన అన్నం తిని కునుకు తీసే వేళకు దానికి ఒక కారెట్టు నేనే చీల్చి పెట్టినాను. తప్పు చేసిన చెయ్యి కదా, ఊరుకోలేకపోయినాను. నాలుగైదు నెలలకు ఒక సాయంత్రం ఆయన అరటిపండు చాచి నిలబడితే, గుర్రం ఆయన్ను దాటుకుని, వెనకాల నీళ్ల బక్కెటుతో వస్తున్న నా భుజానికి మూతి ఆనించింది.

"ఏం పెట్టి మచ్చిక చేసుకున్నావు దాన్ని?" అన్నాడు ఆయన, మొహం ముడుచుకుని.

"నువ్వు చెప్పినవే" అన్నాను.

ఆయన ఆ అరటిపండు తానే తినేసి లోపలికి పోయినాడు. రాత్రి కూడా ముభావంగానే అన్నం తిన్నాడు. అబద్ధం ఎందుకు, నాకు మాత్రం ఆ పూట చింతపండు చారు కూడా పాయసంలా దిగింది.