ముత్యాలు పలకలేకపోయిన కొలత

పారిపోతున్న ఒక సంఖ్యను పడవ వడ్రంగి ముత్యాలు పట్టుకుని, పడవ మూతకింద మేకులు కొట్టి బిగించేశాడని సఖినేటిపల్లి రేవులో ఒక మాట ఉంది. కళ్ళారా చూసినవాడు ఇంతవరకూ లేడు. నేనూ చూడలేదు, అయినా చెబుతాను.

ధవళేశ్వరం ఆనకట్ట కొత్తగా లేచిన రోజులవి. ముత్యాలు చెక్కిన పడవ ఎక్కితే అవతలి ఒడ్డే నడిచి ఎదురొచ్చేది. అంత పనివాడు మావాడు. అయితే రేవులో ఒక కట్టుబాటు ఉంది: చెక్క కోసేముందు కొలత పైకి పలకాలి. పలకకుండా కోసిన చెక్క ఉంటే ఆ పడవ ఎవరూ ఎక్కరు.

కనకరత్నం గారి కొత్త పడవకు సరుకు గదిమీద వేసే నడిమి మూత ఒక్కటే మిగిలింది. మూరకు మూర చదరం. దానికి అడుగున ఈ మూలనుంచి ఆ మూలకు ఒక బద్ద కొట్టాలి. ముత్యాలు మూరకర్ర పెట్టాడు. మూరంబావు చాలలేదు, మూరన్నర ఎక్కువైంది. మూరను పదహారు వీసాలు చేశాడు. మూర మీద ఆరు వీసాలు పొట్టి, ఏడు వీసాలు పొడుగు. వీసాన్ని చీల్చాడు, చీల్చినదాన్ని మళ్ళీ చీల్చాడు. గీతలు చీమ కాళ్ళకన్నా సన్నబడ్డాయి గాని, కొలత మాత్రం ఏ గీతమీదా నిలవలేదు.

“పొద్దువాలేలోగా పలుకు ముత్యాలూ. లేదంటే నర్సాపురం వడ్రంగిని పిలిపిస్తాను,” అన్నారు కనకరత్నం గారు.

“ఆయ్, పలుకుతానండి. ఎక్కడో ఉంటదండి.”

గంజి తెచ్చిన భార్య వీరాయమ్మ కాసేపు చూసింది.

“పొద్దుట్నించీ ఆ కర్రకి పేలు చూత్తన్నావేంటి? ఒకట్లూ రెళ్ళూ కాదు, పావులూ వీసాలూ కాదు. ఇంకో జాతి సంఖ్యేమో. నీ కర్రలో లేకపోతే లేనట్టేనా? మూతమీద కనబడతానే ఉంది గదా.”

ముత్యాలు గంజి ముట్టలేదు. కొబ్బరితాడు మూలనుంచి మూలకు లాగి పట్టి, రేవంతా వినేలా పలికాడు: “మూర చదరానికి మూలకొలత.” అని రంపం వేశాడు. బద్ద వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చుంది.

“ఎన్ని వీసాలయ్యా అది?” అన్నారు కనకరత్నం గారు.

“వీసాలకి దొరకదండి. చూపించగలను గాని చీల్చి చెప్పలేను.”

ఆయన మూతమీద కాలుపెట్టి తొక్కి చూసి, పడవలో ముందు తనే ఎక్కారు.

అప్పట్నుంచి మా రేవులో సంఖ్యలు మూడు జాతులు: లెక్కపెట్టేవి, ముక్కలు చేసేవి, తాడుకే దొరికేవి. నర్సాపురం వాళ్ళకు ఇప్పటికీ రెండే.

ఇదంతా చెప్పి నేను ముత్యాలు ఎదుటే పొగిడితే, మొహం చిట్లించాడు.

“ఎవరు చెప్పేరండీ మీకు? అంతా అబద్ధం. గీసేను, కోసేను, కొట్టేను. కొలత దొరక్క పొద్దంతా కూర్చున్నాడని పదిమందీ వింటే, రేపు నాకు పడవ ఎవరిస్తారండీ?”