రెండో గేటు, నా నడుము

1998 వేసవిలో మాదాపూర్‌లో డ్యూటీకి చేరాను. సైన్యం నుంచి వచ్చేసి అప్పటికే చాలా ఏళ్లు. సెక్యూరిటీ ఏజెన్సీ ఇచ్చిన పోస్టు, కొత్తగా లేస్తున్న ఒక సాఫ్ట్‌వేర్ భవనం రెండో గేటు. ముందు మట్టి రోడ్డు. వెనక బండరాళ్లు. రోజూ రాళ్లు పేల్చేవారు. ముందు ఈల, తర్వాత మోత, తర్వాత దుమ్ము. నీడ లేదు. సామాను: లాఠీ, వాకీటాకీ, నీళ్ల సీసా. షిఫ్టు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు. ఆజ్ఞ ఒక్కటే: నిలబడాలి. గేటు దగ్గర కుర్చీ నిషేధం.

నాతో పాటు నా నడుము నొప్పి కూడా డ్యూటీకి వచ్చింది. మంచు కొండల్లో మోర్టారు ఫిరంగి ఇనుప అడుగు పలక మోస్తూ జారిపడిన రోజు నుంచి అది నన్ను వదల్లేదు. కుడి పిర్రలో మొదలై పిక్క దాకా దిగేది. కదలకుండా నిలబడ్డవాడే గట్టివాడని సైన్యంలో నేర్చుకున్నాను. అలాగే నమ్మాను. బిళ్లలు మింగి నిలబడ్డాను. కడుపులో మంట మొదలైంది. నొప్పి ఉన్నచోటే ఉంది.

జూన్‌లో విదేశీ అతిథులు వచ్చారు. గార్డులందరినీ వరుసగా సావధాన్‌లో నిలబెట్టారు. కార్లు ఆలస్యంగా వచ్చాయి. అవి లోపలికి వెళ్లాక ‘విశ్రామ్’ అన్నారు. నా కుడికాలు పట్టేసింది. అడుగు పడలేదు. పక్కనున్న గోపన్‌పల్లి గార్డు మోచెయ్యి పట్టుకున్నాడు.

“ఏంది ఫౌజీ సాబ్, గిట్ల బిగుసుకపోయిన్రు?”

“చెయ్యి వదులు.”

“వదిలితే పడ్తరు. పడితే మీ లాఠీ నేను తీస్కుంట, మంచిగున్నది.”

సూపర్‌వైజర్ చూశాడు. భీమవరం వైపు మనిషి. కోపంలోనూ మర్యాద తప్పడు.

“నిలబడలేని మనిషిని గేటులో ఎలా పెట్టమంటారండీ? ఇంటి దగ్గర హాయిగా ఉండండి.”

ఇంటి దగ్గర హాయిగా ఉండటమంటే నొప్పికి పోస్టు అప్పగించి రావడమే. అది నా చేత కాదు.

“ఒక నెల సెలవివ్వండి,” అన్నాను.

“నెల తర్వాత?”

“ఇదే గేటులో ఉంటాను.”

ఎక్స్‌రే తీయించాను. ఆపరేషన్ అవసరం లేదు, నొప్పితో బతకడం అలవాటు చేసుకోమన్నారు ఆసుపత్రిలో. ఎలాగో చెప్పలేదు. గోపన్‌పల్లి గార్డు చెబితే కొండాపూర్ దారిలోని ఆయుర్వేద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ముందు ఎక్స్‌రే చూసింది. కాలు మొద్దుబారుతోందా, మూత్రం పట్టు తప్పుతోందా అని అడిగింది. అలాంటిదేమైనా ఉంటే తన దగ్గర ఆగకుండా తిన్నగా పెద్దాసుపత్రికి వెళ్లమంది. లేవన్నాను. బోర్లా పడుకోబెట్టి, మినప్పిండి ముద్దతో నడుము మీద గుండ్రంగా గట్టు కట్టి, అందులో గోరువెచ్చని తైలం పోసింది. దీన్ని కటివస్తి అంటారు.

“వదులుగా పడుకోండి.”

“వదులుగానే ఉన్నానమ్మా.”

“పడుకుని కూడా సావధాన్‌లోనే ఉన్నారండీ. మీ పిడికిళ్లు చూసుకోండి.”

చూసుకున్నాను. బిగించే ఉన్నాయి.

“ఎన్నాళ్లకు పోతుంది?”

“పూర్తిగా పోతుందని చెప్పను. పాత నొప్పి. మీ మాట వినేలా చేద్దాం.”

తైలమర్దన, కాపడం, వేళకు తిండి, రెండు పూటలా తేలిక వ్యాయామం. అన్నిటికంటే ముఖ్యం, ఒకే తీరులో ఎక్కువసేపు నిలబడకూడదు.

ఇక్కడ ఫౌజీ బుద్ధి అడ్డం వచ్చింది. రెండు పూటలన్నదాన్ని నాలుగు పూటలు చేశాను. వారం తిరిగేసరికి మంచం దిగలేకపోయాను.

“ఎవరితో యుద్ధమండీ?” అంది డాక్టరమ్మ. “అవతల పక్కన ఉన్నది కూడా మీరే కదా.”

ఆ తర్వాత చెప్పినంతే చేశాను. ఆపమన్నచోట ఆపడం నేను నేర్చిన క్రమశిక్షణల్లోకెల్లా కష్టమైనది. నెలాఖరుకు నొప్పి ఉంది. కానీ రోజంతా ఉండటం మానుకుంది.

గేటుకు తిరిగి వచ్చాను. కొద్ది రోజులకే మళ్లీ అతిథులు, మళ్లీ సావధాన్. కాసేపు నిలబడ్డాను. పిక్కలో తీగ లాగినట్టయింది. సైన్యంలో ఏనాడూ వరుస తప్పని వాణ్ణి. ఆ రోజు కావాలనే తప్పాను. గేటు నుంచి ప్రహరీ మూల దాకా నడక మొదలుపెట్టాను. వాకీటాకీ మోగింది.

“గేట్ రెండు, వరుసలో లేరేంటండీ?”

“గేట్ రెండు రౌండ్‌లో ఉంది.”

“అతిథులు వస్తున్నారండీ.”

“రానివ్వండి. నడుస్తూ కూడా కాపలా కాయొచ్చు. తీసేయాలనుకుంటే ఇప్పుడే తీసేయండి. బొమ్మలా మాత్రం నిలబడను.”

నడక ఆపలేదు.

“ప్రహరీ దగ్గర మేకలేవో ఉన్నాయి. తోలేసి రండి. ఓవర్.”

వరుస పక్క నుంచి వెళుతుంటే గోపన్‌పల్లి గార్డు తల తిప్పకుండా అన్నాడు, “జర నాకు గూడ ఒక చక్కర్ ఇప్పియ్యున్రి సాబ్. కాళ్లు గుంజుతున్నయ్.”

ఆ గేటులో, నడుస్తూనే, నాకు వయసు మీరిందని ఏజెన్సీ చెప్పేదాకా పనిచేశాను. యూనిఫాం అప్పగించి బాచుపల్లిలోని ఇంటికి వచ్చాను. నొప్పి ఈ ఉదయం కూడా ఉంది. తైలం రాసుకున్నాను, వీధి చివరి దాకా నడిచాను. అది నాతో నడిచింది, నేను దానితో కాదు.

ఒక్కటి మాత్రం కళ్ల ముందు నుంచి పోదు. ఆ నెలలో చివరి కటివస్తి. బోర్లా పడుకుని ఉన్నాను. దూరంగా ఈల, ఆ వెంటనే బండ పేలిన మోత. మంచం అదిరింది. నడుము మీది తైలం వణికి పిండి గట్టును తాకింది. నాకు కనబడదు, చర్మానికి తెలిసింది. పాత అలవాటు ప్రకారం ఒళ్లంతా బిగుసుకోవాలి. పిడికిళ్లు చూసుకున్నాను. తెరిచే ఉన్నాయి. ఒక్క చుక్క కూడా గట్టు దాటలేదు.