అక్క పొడికళ్లు

అమ్మ పోయిన రోజు అక్క కంట చుక్క నీరు రాలేదు. మా కోవిల్‌పట్టి పక్క ఊళ్లలో చావింటికి వచ్చిన ప్రతి ఆడమనిషీ కూతుళ్ల మెడ పట్టుకుని శోకాలు తీస్తుంది. కూతుళ్లు ప్రతిసారీ మళ్లీ కొత్తగా ఏడవాలి. నేను గొంతు పోయేదాకా ఏడ్చాను. అక్క గొంతూ ఏడ్చింది గాని కళ్లు ఎర్రగా, పొడిగా ఉండిపోయాయి. పైగా ముద్దముద్దకీ నీళ్లు తాగుతూ అన్నం తింటుంటే అదొక సోకనుకున్నాను. ఒళ్లు మండి అందరి ముందే అడిగేశాను.

"నీకు ఒక్క సొట్టు కన్నీరు కూడా రాదా అక్కా?"

అక్క తల దించుకుంది.

పదహారో రోజు కర్మ ముగిసిన మర్నాడు పొద్దున అక్క లేవలేకపోయింది. కాళ్లు కదలవు. ఏడవని కూతురిని అమ్మ పట్టుకుందని పెద్దమ్మ తేల్చేసింది. ఉడుక్కై అనే చిన్న డమరుకం వాయించి సోది చెప్పే కోడాంగిని పిలిపించారు. కన్నీళ్లు పెడితే గాని తల్లి దిగదన్నాడు. నేను బళ్లో సైన్సు చెప్పేదాన్ని. అయినా నమ్మాను. అక్క పడుకున్న ఆ గదిలో అమ్మ ఉందనే అనుకున్నాను. అక్కను అమ్మ ఫోటో ముందు గోడకు ఆనించి, ఏడువు, ఏడువు అని భుజాలు పట్టి ఊపింది నేనే. మధ్యాహ్నానికి చేతులూ వాలిపోయాయి.

విరుదునగర్ నుంచి బావ వచ్చి, మమ్మల్నందరినీ తిట్టి, అక్కను తన ఊరి ఆసుపత్రికి కారులో తీసుకెళ్లాడు. నేనూ ఎక్కాను. రక్తంలో పొటాషియం అడుగంటి కాళ్లూ చేతులూ పడిపోయాయని, ఇంకాస్త ఆలస్యమైతే ఊపిరి ఆగేదని డాక్టరమ్మ చెప్పింది. రోగాల నుంచి ఒంటిని కాపాడాల్సిన శక్తే ఎదురు తిరిగి కన్నీటినీ లాలాజలాన్నీ ఎండగట్టిందట, కిడ్నీలనూ దెబ్బతీసిందట. బయటికి పోవాల్సిన ఆమ్లం రక్తంలో ఉండిపోయి, ఉండాల్సిన పొటాషియం మూత్రంలో పోతోంది. జబ్బు ఏళ్లుగా ఉన్నదేనంది.

రెండో రోజు అక్క కాళ్లు కదిలించింది. క్షమించమని అడగడం చేతగాక, కన్నీళ్లు రాకపోవడం కూడా జబ్బేనట అక్కా, అన్నాను.

"అమ్మకు తెలుసు నేను ఏడిస్తినని," అంది అక్క. "నీకే తెలీలే."

ఇప్పుడు అక్క రోజూ మందు తాగుతుంది, నడుస్తుంది, నాతో మామూలుగానే మాట్లాడుతుంది. నేనే ఆ గదిలోకి వెళ్లలేను. అక్కడ అమ్మ లేదు. అక్క భుజాలు పట్టి ఊపుతూ నేనున్నాను.