రాహుకాలంలో పెట్టుకున్న బెల్టు

పోయిన ఏడాది ఒక శుక్రవారం, మా మరిదికి పిల్లను చూడ్డానికి రాజపాళయం నుంచి మంసాపురం బయలుదేరాం. మావాళ్ళంతా ముందే వెళ్ళిపోయారు. రెండో కారు నడిపేది నేను. పక్కన మా మామగారు, వెనక బూస్టర్ సీటు మీద నా ఐదేళ్ళ కూతురు దీప. పదిన్నరకి రాహుకాలం. ఆలోపే ఇంటి గేటు దాటాలని మామగారి పట్టు.

"బెల్టు నేనే పెట్టుకుంటా. నువ్వు ముట్టొద్దు" అంది దీప, మొట్టమొదటిసారి.

నేను దిగి వెళ్ళి, బకిల్ పక్కకి వాలకుండా పట్టుకున్నాను, అంతే. బెల్టు మెలిపడింది. విప్పి మళ్ళీ లాగింది. ఈసారి కొస జారింది.

"టైము పదిన్నర అవుతోందమ్మా! నువ్వే పెట్టేసి సీక్రం బండి తీ!" అని మామగారు అరిచారు. వీధిలో జనం ఆగి చూశారు. కారు నేర్చుకునేటప్పుడు నా చేతిలోంచి స్టీరింగ్ లాక్కున్నవాళ్ళు గుర్తొచ్చారు.

"అది పెట్టుకున్నాకే బండి తీసేది, మామా" అన్నాను.

చివరికి టక్కుమంది.

"రాహుకాలం వచ్చేసినాది!" అన్నారాయన.

నేను వచ్చి కూర్చోగానే వెనక నుంచి దీప గొంతు: "తాతా, నువ్వు బెల్టు పెట్టుకోలేదే!"

ఆయన నావైపు చూశారు. నేను తాళం తిప్పలేదు.

రాహుకాలంలోనే వెళ్ళాం, ముగ్గురం బెల్టులు పెట్టుకుని. నన్నడిగితే అంతకన్నా మంచి ముహూర్తం లేదు.