మిరపచేలో లెక్కల మేడమ్

అప్పుడు నేను వెల్దుర్తి దగ్గర ఓ బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. మిరపకోతలు మొదలైతే మా పేట పిల్లలం బడి మానేసేవాళ్లం. "వీళ్లింతే" అని సార్లు వదిలేసేవారు. ఆ ఏడు కొత్తగా వచ్చిన లెక్కల మేడమ్ మాత్రం నేరుగా చేలోకే వచ్చేశారు. నేను సిగ్గుతో మొక్కల చాటున నక్కాను. మేడమ్ కొంగు బిగించి, అమ్మ పక్కనే సాలు పట్టి చకచకా కాయలు కోయసాగారు.

"అయ్యో మేడమ్, చేతులు మండుతయ్!" అంది అమ్మ.

"నాకిది కొత్తేంది అక్కా? నేనూ కోతలకు పోతానే చదువుకున్నా. నీ కూతురు లెక్కల్లో చానా చురుకు. టీచరవుద్ది, బడికి పంపు" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమే, తల దాచావు గానీ నీ రిబ్బను కనపడతంది, లే!" అన్నారు. చేలో అందరూ ఒకటే నవ్వు.

ఇప్పుడు నేనూ టీచర్నే. కోతలప్పుడు చేలకు వెళ్తాను. పిల్లలు ఎక్కడ దాక్కుంటారో నాకొకరు చెప్పక్కర్లేదు.